కెమెరాలో పట్టినంత ఆకాశం

పొద్దున తొమ్మిది కొట్టేసరికి షట్టరు ఎత్తడం, సముద్రపు గాలి తెచ్చి గుమ్మంలో పోసిన ఇసుక ఊడవడం, షోకేసు అద్దం తుడవడం, లోపల తెల్ల తెర దులపడం. ముప్పై ఏళ్ళుగా ఆ ఫొటో స్టూడియోలో ఇదే వరస. ఇదంతా అయ్యాక బాబాయ్ స్టూలు మీద కూర్చుని, మొదట వచ్చేదెవరా అని వీధిలోకి చూస్తుంటాడు. ఆయనకి సొంత పేరొకటి లేకపోలేదు, కరెంటు బిల్లు మీద ఉంటుంది. కానీ ఊళ్ళో దాని అవసరం ఎవరికీ పడలేదు. పిల్లలకీ పెద్దలకీ, ఆఖరికి ఆయనకంటే పదేళ్ళు పెద్దయిన పక్కకొట్టు దర్జీకి కూడా ఆయన "కదలొద్దు బాబాయ్".

ఆ పేరు కెమెరా వల్ల వచ్చింది. అది ఆయన నాన్నగారిది. పెట్టెలా ఉంటుంది, నల్ల గుడ్డ కప్పుకుని చూడాలి. మీట నొక్కాక ఫొటో పడడానికి నిదానంగా ఒక సెకను తీసుకుంటుంది. ఆ సెకనులో ఎదుటివాళ్ళు కదిలారో, ముక్కులు రెండవుతాయి. అందుకని నొక్కేముందు బాబాయ్ "కదలొద్దు" అంటాడు. ఆయన అలా అన్నాక ఎదురుగా ఉన్నది ఏదైనా సరే కదలదు. తర్వాత "అయిందండి" అంటాడు, కదులుతుంది. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వస్తారు. గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా నోరు తెరిచింది తెరిచినట్టే ఆగి, ఫొటో అయ్యాక మిగతా ఏడుపు పూర్తి చేసుకుంటుంది. ఒకసారి మాత్రం మధ్యలో ఫోను మోగితే మాటల్లో పడి "అయింది" అనడం మరిచిపోయాడు. ఏడుగురున్న కుటుంబం ముప్పావుగంట నవ్వుతూ నిలబడిపోయింది. ఆ ఇంటాయన ఇప్పటికీ ఎక్కడ కనబడినా దవడ నొక్కుకుంటూ, "ఏం బాబాయ్, ఫోను మాట్లాడడం అయిందా?" అంటాడు.

సాయంత్రం ఐదయితే స్టూడియో అక్క చేతికొస్తుంది. అక్క అంటే బాబాయ్ సొంత అక్క. ఫొటోలు కత్తిరించేదీ, ఫ్రేములు కట్టేదీ, వేళకి తమ్ముడికి ఇంత వండిపెట్టేదీ, ఆపైన తిట్టేదీ ఆవిడే.

"వెళ్ళరా, నీ మబ్బులు ఎదురుచూస్తుంటాయి. ఇన్నేళ్ళలో ఒక్క మబ్బయినా నిన్ను అన్నం తిన్నావా అని అడిగిందా?" అంటుంది రోజూ.

బాబాయ్ నవ్వేసి, కెమెరా భుజాన తగిలించుకుని, మూడుకాళ్ళ స్టాండు చంకన పెట్టుకుని బీచికి నడుస్తాడు.

అక్కడ ఆయన తీసేది మనుషుల్ని కాదు. కొన్ని సాయంత్రాలు సూర్యుడికి అటొకటి ఇటొకటి చిన్న సూర్యుళ్ళు పుట్టుకొస్తాయి. కొన్నిసార్లు సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోయాక కూడా, దిగినచోటి నుంచి ఎర్రటి స్తంభం ఒకటి నిటారుగా లేస్తుంది. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుండే మబ్బు వస్తుంది. అంచుల్లో చేపపొలుసు రంగులు తిరిగే పల్చటి మబ్బు వస్తుంది. అడుగున బుడిపెలు వేలాడే మబ్బొకటి, అది ఏడాదికి ఒక్కసారి వస్తే గొప్ప. వీటికి చదువుకున్నవాళ్ళు ఏ పేర్లు పెట్టారో ఆయనకి తెలియదు. తనకి తోచినవి తనే పెట్టుకున్నాడు. జంటసూరీడు, ఎర్రకంబం, పళ్ళేల మబ్బు, పొలుసు మబ్బు అంటూ తేదీ వేసి అట్టముక్కల మీద రాసుకుంటాడు. అలాంటి అట్టముక్కలు మంచం కింద రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి.

ఇవేవీ రెండు నిమిషాలకి మించి నిలిచే బాపతు కావు. స్టాండు కాళ్ళు ఇసుకలో దిగ్గొట్టేలోగా సగం కరిగిపోతాయి. అందుకే కెమెరా పెట్టీ పెట్టగానే ఆకాశానికి కూడా అదే మాట చెబుతాడు, కాకపోతే ఇంకాస్త ముద్దుగా: "కదలొద్దమ్మా." కెమెరాలో పట్టినంత మేర ఆకాశం ఆగుతుంది. మిగతాది దాని దారిన అది పోతుంది. తీరిగ్గా ఫొటో తీసుకుని "అయిందమ్మా, వెళ్ళిరా" అంటే ఆగిన ముక్క కూడా కదిలిపోతుంది.

ఊరికి దీంతో పెద్ద పేచీ లేదు. లాండ్రీ ఆయన ఒకసారి వచ్చి, మబ్బుని పట్టుకెళ్ళి సరిగ్గా తన దండేల మీద ఆపేశావని గోలపెడితే, ఇకనుంచి పది నిమిషాలకి మించి ఏదీ ఆపనని బాబాయ్ మాటిచ్చాడు. లైన్‌మన్‌ది ఇంకో తలనొప్పి. బీచి దీపాలు చీకటి పడితే వాటంతటవే వెలుగుతాయి. బాబాయ్ ఆపిన ముక్క కిందున్న రెండు స్తంభాలు మాత్రం ఇంకా సాయంత్రమే అనుకుని ఊరుకుంటాయి. "ఆఫీసులో నన్నంటారు బాబాయ్, కాస్త చూసుకో" అని నసిగేవాడు తప్ప, అతను కూడా మంచివాడే.

మూడేళ్ళ కిందట ఆసుపత్రికి ఒక నర్సు వచ్చింది. నలభై దాటిన మనిషి. మందుల షాపు మీద ఒంటిగది అద్దెకి తీసుకుంది. డ్యూటీ ఆరింటికి దిగి, తర్వాత వచ్చేవాళ్ళకి ఏ మంచం పేషెంటుకి ఏం మందో అప్పగించి బీచికొచ్చేసరికి ఆరున్నర. చెప్పులు విప్పి గట్టు మీద కూర్చుని మడమలు నొక్కుకుంటుంది. ఊరంతా ఆవిణ్ణి సిస్టరుగారూ అని పిలుస్తుంది. బాబాయ్ ఒక్కడే మొదటిరోజు నుంచీ "మేడంగారూ" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మనకి మాత్రం తెలియదా ఏం?

ఆ మొదటిరోజు ఆవిడ వచ్చేసరికి ఆయన స్టాండు మడుస్తున్నాడు.

"అయిపోయిందాండీ?" అంది ఆవిడ, నీలంలోకి తిరిగిపోయిన ఆకాశం చూస్తూ.

"ఇప్పుడే పంపించేశానండి. ఎర్రకంబం. చాలా బాగా వచ్చింది ఇవాళ."

"అంతే లెండి. నేనొచ్చేసరికి ఏదైనా అయిపోవలసిందే. చిన్నప్పుడు ఇంట్లో పెద్దదాన్ని. అందరికీ పెట్టి నేను కూర్చునేసరికి గిన్నె ఖాళీ. తమ్ముళ్ళ చదువులూ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ చూసి తలెత్తేసరికి నా వయసు అయిపోయింది. బస్సు కూడా నేను సందు మలుపు తిరగడం చూసుకునే కదులుతుందనుకుంటా."

నవ్వుతూనే అంది. బాబాయ్‌కి మాత్రం ఇంటికెళ్ళాక ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి ఆయన ఆకాశాన్ని ఆరున్నరదాకా ఆపడం మొదలుపెట్టాడు. పది నిమిషాలన్న మాట ఏ గంగలో కలిసిందో కలిసింది. సాయంత్రానికి బట్టలెలాగూ ఆరిపోతాయి కాబట్టి లాండ్రీ ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. లైన్‌మన్ వచ్చి స్తంభం కింద నిలబడి, "రోజూనా బాబాయ్?" అని అడిగితే, "లెన్సు సరిగ్గా పడట్లేదోయ్" అన్నాడు.

ఆవిడొచ్చేది. గట్టు మీద కూర్చునేది. జంటసూరీడో, పొలుసు మబ్బో ఎదురుగా ఆరిపోకుండా ఉండేది. ఇదంతా ఫొటో పని కోసం ఆపుకున్నదేలే అనుకుని, ఆవిడ తన మానాన తను చూసుకునేది. చూస్తున్నంతసేపూ ఆవిడ చేతులు మడమలు నొక్కడం మరిచిపోయేవి. బాబాయ్ నల్ల గుడ్డ కప్పుకుని ఏదో బిగిస్తున్నట్టు నటిస్తూ, ఆవిడ కడుపునిండా చూసిందనిపించాక అప్పుడు నెమ్మదిగా "అయిందమ్మా" అనేవాడు. వాన పడ్డ రోజులూ, ఆవిడ సెలవు రోజులూ తీసేస్తే మూడేళ్ళూ అలాగే గడిచాయి. మాటలు పెరిగాయి. ఎవరికి జ్వరం తగ్గిందో, అక్క ఇవాళ ఎందుకు తిట్టిందో, అలాంటి మాటలు. అసలు మాట మాత్రం బాబాయ్ నోటిదాకా రావడం, మళ్ళీ లోపలికి పోవడం. ధైర్యం చాలకపోతే మనిషేం చేస్తాడు?

ఒక సాయంత్రం పొలుసు మబ్బు ఎదురుగా ఆగి ఉండగా ఆవిడ ఒక కాగితం తీసింది.

"పొరుగూరి పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా తీసుకుంటారటండీ. అప్లికేషనూ నాలుగు ఫొటోలూ నెలాఖరుకి అందాలట. రేపొచ్చి మీ దగ్గర తీయించుకుంటాను."

బాబాయ్ గుండె జారి చెప్పుల్లో పడింది. "మంచిదండీ" అన్నాడు.

"మంచిదేనంటారా?"

"మరి... హెడ్డంటే మంచిదేగా..." అని నీళ్ళు నమిలాడు.

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "అంతేలెండి. ఇక్కడ మాత్రం నాకెవరున్నారని" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు షట్టరు ఎత్తకముందే లైన్‌మన్ ఇంటికొచ్చాడు. "బాబాయ్, నిన్నటి మబ్బు తీసేయడం మర్చిపోయావు."

పరుగెత్తుకెళ్ళి చూస్తే నిజమే. తెల్లవారి ఆకాశమంతా నీలంగా మెరుస్తుంటే, మధ్యలో తలుపంత మేర నిన్నటి సాయంత్రం అలాగే నిలబడి ఉంది, రంగులతో సహా. దాని కింద ఇసుక గులాబీరంగులో ఉంది. నడవడానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. బాబాయ్ స్టాండు కాళ్ళ గుంటల దగ్గర నిలబడి "అయిందమ్మా, వెళ్ళిరా" అన్నాడు. మొదటిసారి సగం మాటే వచ్చి, రెండోసారి అనాల్సొచ్చింది. మబ్బు వెళ్ళింది. ఊరికి మాత్రం విషయం అర్థమైపోయింది. మధ్యాహ్నానికల్లా కూరగాయల కొట్టు దగ్గర చెవులు కొరుక్కోవడాలు మొదలయ్యాయి.

దర్జీ టేపు మెడలో వేసుకుని స్టూడియోలోకొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

"చూడు బాబాయ్, ఆవిడ ఫొటోకి వస్తోందిగా. మొదటి మాట చెప్పు. రెండోది మరిచిపో. ఫోనొచ్చిందనుకో, అంతే. ఎవరూ నిన్ను తప్పుపట్టరు."

బాబాయ్ జన్మలో గట్టిగా అరిచి ఎరగడు. ఆరోజు అరిచాడు. "ఆవిడేమన్నా మబ్బా? మబ్బునైనా నేను పంపించేస్తున్నాను!"

దర్జీ తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. అరిచాడే గానీ, బాబాయ్‌కి తెలుసు, దర్జీ చెప్పింది తన మనసులో లేనిదేం కాదు. మొదటి మాట నోటివెంట వస్తే రెండోది వస్తుందని ఆయనకి తన మీద తనకే నమ్మకం లేదు. నిన్న మబ్బు విషయంలో ఏమైందో ఊరంతా చూసింది కదా.

అందుకని ఆవిడ తెల్ల తెర ముందు కూర్చున్నప్పుడు బాబాయ్ ఏమీ అనలేదు. నోరు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ గోడ మీది మబ్బు ఫొటోల వైపు తల తిప్పింది. ప్రింటులో రెండు ముక్కులూ మూడు కళ్ళూ వచ్చాయి. "ఇలా పంపిస్తే నన్ను హెడ్ నర్సుగా కాదు, పేషెంటుగా చేర్చుకుంటారు" అని ఆవిడ పడీపడీ నవ్వింది. వారం పోయాక మళ్ళీ వచ్చింది. ఈసారి తుమ్ము. మూడోసారి, బాబాయ్ నోరు మూసుకున్న తీరు చూసి ఆవిడకి నవ్వాగలేదు. ఆవిడకి పళ్ళ వరసలు నాలుగు పడ్డాయి.

అక్క ఆ మూడు ప్రింట్లూ కత్తెర పక్కన పేర్చుకుని కూర్చుంది.

"ఒరేయ్, ఎదురుగా కొత్త స్టూడియో ఉంది. ఐదు నిమిషాల్లో కంప్యూటరు మీద తీసి చేతిలో పెడతారు. అవునా?"

"అవును."

"మూడుసార్లు చెడగొట్టినవాడి దగ్గరికే ఆవిడ మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆవిడకి కావలసింది ఫొటోయేనంటావా?"

బాబాయ్ తల గోక్కున్నాడు.

"నీ మొహం. ఆకాశంలో ఎక్కడ చిటికెడు రంగు మారినా కనిపెడతావు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం మాత్రం నీకు కనబడదు" అని అక్క కత్తెర బల్లమీద పడేసి లేచిపోయింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. తమ్ముడికి ఒక తోడు చూసి కళ్ళు మూయాలన్నది ఎన్నాళ్ళ నుంచో ఆవిడ కోరిక.

ఆఖరు రోజు వచ్చింది. ఫొటోలు ఆ రోజు కొరియరులో పడకపోతే ఇక ఆ ఉద్యోగం లేనట్టే. పొద్దుటి నుంచి బాబాయ్ వీధిలోకి చూస్తూనే ఉన్నాడు, ఆవిడ రాలేదు. ఎదుటి స్టూడియోలోకి వెళ్ళిందేమోనని మెడ సాచి అటూ చూశాడు, అక్కడా లేదు. ఐదింటికి అలవాటుకొద్దీ కాళ్ళు బీచికి లాక్కెళ్ళాయి.

ఆరోజు ఆకాశంలో వచ్చినదానికి ఆయన దగ్గర పేరు లేదు. దూరంగా నీళ్ళ మీద ఒక మబ్బు, దాని కింద సన్నటి వాన. ఆ వాన సముద్రందాకా రావడం లేదు. సగం దూరం దిగి గాల్లోనే ఆవిరైపోతోంది. వెనకనుంచి ఎండ పడి, ఆ సగం వాన గులాబీరంగు కుచ్చులా వేలాడుతోంది. బాబాయ్ కాసేపు కెమెరా సంగతే మరిచిపోయాడు. తర్వాత గబగబా స్టాండు పాతి, "కదలొద్దమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. వాన ఉన్నది ఉన్నట్టు ఆగింది. ఆయన ఫొటో తీయలేదు. గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆరున్నరకి ఆవిడ వచ్చింది. ఈసారి గట్టు మీద కూర్చోలేదు, నేరుగా ఇసుకలోకి దిగింది.

"ఇవాళే ఆఖరండీ. కొరియర్ ఆఫీసు ఎనిమిదిదాకా ఉంటుందట."

"అయ్యో, పదండి పదండి, స్టూడియోకి వెళదాం. అరగంటలో ఇచ్చేస్తాను."

"ఇక్కడే తీయండి."

"వెనక తెల్ల తెర ఉండాలేమోనండీ..."

"ముందు తీయండి" అని ఆవిడ వెళ్ళి కెమెరాకెదురుగా, ఆ ఆగిన వానకి ముందు నిలబడింది.

బాబాయ్ నల్ల గుడ్డ కప్పుకున్నాడు. ఆ కెమెరాలో లోకమంతా తలకిందులుగా కనబడుతుంది. పైన ఇసుక, కింద ఆకాశం, మధ్యలో తలకిందులుగా ఆవిడ. నోరు మూసుకుని మీట మీద వేలు పెట్టాడు.

"ఇవాళ కూడా చెప్పరా?" అంది ఆవిడ.

"ఏంటండీ?"

"అందరికీ చెప్పే మాట. చంటిపిల్లలకి చెప్తారు, మబ్బులకి చెప్తారు. నాకు తప్ప."

గుడ్డ కింద చీకటి. మొహం ఎదుటివాళ్ళకి కనబడదు. మూడేళ్ళుగా రాని ధైర్యం ఆ గుడ్డ కింద ఎక్కడి నుంచో వచ్చింది.

"మొదటి మాట చెప్తే, రెండోది చెప్పగలనో లేదోనని భయమండీ. మిమ్మల్ని పంపించడం నాకు చేతకాదేమోనని."

అల ఒకటి వచ్చి స్టాండు కాళ్ళు తడిపి వెళ్ళింది.

"ఇవాళ మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చాడు, వేలు కోసుకుని" అంది. "కట్టు కడుతుంటే మాటల్లో అన్నాడు. 'మీకు సెలవైన రోజుల్లో మా దీపాలు టైముకే వెలుగుతాయి సిస్టరుగారూ' అని. నిజమేనా?"

"అది... లెన్సు కొంచెం..."

"మూడేళ్ళ బట్టీ లెన్సు పడట్లేదా?"

"మీరొచ్చేసరికి అన్నీ అయిపోతాయన్నారు కదండీ."

ఆవిడ చేత్తో మొహం తుడుచుకుంది. తలకిందులుగా చూసినా ఏడుపు ఏడుపేనని బాబాయ్‌కి తెలిసింది.

"చెప్పండి" అంది ఆవిడ. "నేనే చెప్పమంటున్నాను."

"కదలొద్దండి" అన్నాడు బాబాయ్.

గాలికి లేచిన ఆవిడ జుట్టు లేచినచోటే ఆగింది. బాబాయ్ మీట నొక్కాడు. సెకను గడిచింది. ఫొటో పడింది. గుడ్డ తీసి నిటారుగా నిలబడి, మూడేళ్ళలో మొదటిసారి ఆవిణ్ణి సూటిగా చూశాడు. దర్జీ మాట చెవిలో మోగింది. నోరు విప్పకుండా ఉంటే చాలు. ఎనిమిది దాటిపోతుంది, కొరియర్ ఆఫీసు మూసేస్తారు, ఊళ్ళో ఒక్కరు కూడా తప్పనరు. ఆ చూపు ఇంకో క్షణం సాగితే తన వల్ల కాదని ఆయనకి అర్థమైంది.

"అయిందండి" అన్నాడు. మాట పూర్తిగానే వచ్చింది.

వాన కుచ్చు కదిలి, చెదిరి, మబ్బుతో సహా నీలంలో కలిసిపోయింది. ఆగిన సాయంత్రం ఒక్కసారిగా దిగిపోయింది. ఆవిడ జుట్టు మొహం మీద పడింది, కనురెప్పలు ఆడాయి. ఆవిడ మాత్రం అడుగు తీసి అడుగు వేయలేదు.

బాబాయ్‌కి కంగారు పుట్టింది. ఆ మాట పనిచేయకపోవడం ఆయన ఎరగడు.

"అయిందండి, ఇక కదలొచ్చు" అన్నాడు మళ్ళీ, ఇంకాస్త గట్టిగా. "అరగంటలో ప్రింటు ఇచ్చేస్తాను. ఎనిమిదికి ఇంకా చాలా టైముంది."

"వినబడిందండీ" అంది ఆవిడ, ఉన్నచోటే నిలబడి.